ఆపరేషన్ ఊద

"తొమ్మిదీ నలభై అయింది. పది కొట్టగానే డ్రోన్ లేస్తుంది. ఇరవై లీటర్ల కలుపు మందు కాలవలో పోస్తుంది." ఇయర్‌పీస్‌లో చీఫ్ గిరిబాబు గొంతు.

ఏజెంట్ ఆనందకుమారి వంగి కలుపు తీస్తూనే వింది. చీర మీద మగవాళ్ల చొక్కా, ముఖానికి తువ్వాలు. తోటపల్లి గూడూరు పక్కన ఆ వరి కయ్యలో, మూడు ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చిన ఇరవై మంది ఆడకూలీలదీ అదే వేషం.

"ల్యాబ్ రిపోర్ట్ సార్?"

"ఆ నీళ్లలో దోమ పిల్లలు చావవు. ఆలస్యంగా ఎదుగుతాయి. ఎదిగాక మలేరియా క్రిమిని అడ్డుకునే శక్తి వాటికి తగ్గిపోతుంది. ఇక ఊరంతా జ్వరాలే. విదేశీ ముఠా అమ్ముకోవడానికి మలేరియా మాత్రల స్టాక్ ముందే దింపింది. రిమోట్ సుప్రియ దగ్గరుంది. సిగ్నల్ మీ కయ్యలోంచే వస్తోంది."

సుప్రియ రెండేళ్లుగా ఇటూ అటూ పనిచేసిన డబుల్ ఏజెంట్. మేకప్ లేకుండా ఆమె ముఖం చూసినవాళ్లు డిపార్ట్‌మెంట్‌లో ఒక్కరూ లేరు.

"కూలీల్ని ఖాళీ చేయించు. ఫోర్స్ వస్తోంది."

"చేయించను సార్. గుంపు కదిలితే ఆమె బటన్ నొక్కి అందులోనే జారుకుంటుంది. నేను పట్టుకుంటా."

ఆనందకుమారికి ఒళ్లు మండుతోంది. ఈ నీళ్లలో దిగేది వీళ్లు, ఆ దోమలు కుట్టేది వీళ్లనే. వాళ్లమ్మ ముప్పై ఏళ్లు ఇలాగే వంగి, చలిజ్వరంతో వణుకుతూ కూడా కలుపు తీసింది.

ముఖాలు చూసి లాభం లేదు. అప్పుడు ఆమె కళ్లు గట్టు మీద పడ్డాయి. ఎవరు పీకిన కలుపు వాళ్ల సాలు చివర కట్టగా పడేసి ఉంది. ఊద గడ్డి అచ్చం వరిలాగే ఉంటుంది. ఆకు మొదట్లో సన్నటి పొర ఉంటే వరి, నున్నగా ఉంటే ఊద. ఈ పాఠం ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు. వాళ్లమ్మ చెప్పింది.

నీళ్లు తాగే నెపంతో గట్టెక్కి ఒక్కో కట్టా తడిమింది. ఊద. ఊద. అన్నీ ఊదే. తొమ్మిదీ యాభై తొమ్మిది. ఆఖరి కట్టలో వేలికి పొర తగిలింది. కట్టంతా వరే.

ఆ సాలులో ఉన్న మనిషి చెయ్యి నడుముకు పోయింది. దూరంగా డ్రోన్ రొద మొదలైంది. ఆనందకుమారి గట్టు మీంచి ఒక్క దూకు దూకి ఆ మణికట్టు మెలితిప్పింది. రిమోట్ లాక్కుని, డ్రోన్‌ని ఆపే ఎర్ర బటన్ నొక్కింది. కాలవ అంచుదాకా వచ్చిన డ్రోన్ చుక్క మందు కార్చకుండా గట్టు మీద కూలబడింది.

తువ్వాలు జారింది. బురదలో కూడా సుప్రియ అందంగానే ఉంది.

పోలీసు జీపు వచ్చింది. కూలీల మేస్త్రి వెంకటశేషమ్మ ఆ వరి కట్ట పట్టుకుని దానికి అడ్డంగా నిలబడింది.

"యాడికి తీసకపోతా ఉండారు?"

"ఈమె విదేశీ గూఢచారి అమ్మా. పెద్ద కేసు," అన్నాడు జీపు దిగిన ఇన్‌స్పెక్టర్.

"అయితే కానీ. ఇంత వరి పీకి పారేసిందే, ఎవురు నాటేది? ఇది నాటినాకే జీపెక్కేది."

ఇన్‌స్పెక్టర్ ఆనందకుమారి వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపి మేస్త్రి పక్కన నిలబడింది.

"ఇంకా స్టార్ట్ కాలేదా? ఏమిటి ఆలస్యం?" ఇయర్‌పీస్‌లో గిరిబాబు.

"ఇంకో అరగంట పడుతుంది సార్. సస్పెక్ట్ నాట్లేస్తోంది."