పీపీగారి అన్నయ్య

"శిక్ష పూర్తి చేసుకుని వచ్చినవాణ్ని మనలో కలుపుకోకపోతే, వాడికి మనం రెండో శిక్ష వేసినట్టే!"

క్లాసంతా బల్లలు చరిచింది. క్రిమినల్ జస్టిస్ రెండో సంవత్సరం, మధ్యాహ్నం డిబేట్. మాట్లాడిన కుర్రాడు జుట్టు ఎగదువ్వుకుంటూ చప్పట్లు ఆగేదాకా నిలబడే ఉన్నాడు.

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. వేరే సెక్షన్ నుంచి కొత్తగా వచ్చింది.

"ఒక్క ప్రశ్న. వాణ్ని మీ ఇంటికి భోజనానికి పిలుస్తారా?"

"ఎందుకు పిలవనూ?"

"మీ అమ్మగారు వడ్డిస్తారా?"

క్లాసు గొల్లుమంది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఇదేం ప్రశ్నండీ! పాయింటుకి రండి."

"అదే పాయింటు," అని కూర్చుంది.

ఆ పూటతో అతను 'డిఫెన్సు' అయిపోయాడు, ఆమె 'పీపీగారు'. కోర్టులో ముద్దాయి తరఫున డిఫెన్సు లాయరు, ప్రభుత్వం తరఫున పబ్లిక్ ప్రాసిక్యూటరు. కాలేజీకి అంతకంటే కాలక్షేపం ఏం కావాలి!

తర్వాత వానలు పట్టుకున్నాయి. ఒక సాయంత్రం లైబ్రరీ మెట్ల మీద ఇద్దరే చిక్కుబడిపోయారు.

"గొడుగుందా పీపీగారూ?"

"ఉంది. నా ఒక్కదానికే."

"నిందితుడికి తడవకుండా ఉండే హక్కుందండీ."

"ఏ సెక్షన్లో?"

"రేపు సవరణ తెస్తాను. ఇవాళ్టికి బెయిలివ్వండి."

ఆమె నవ్వాపుకోలేక గొడుగు కాస్త అటు జరిపింది. ఇద్దరూ సగం సగం తడిశారు. బస్టాపు వచ్చాక వాన వెలిసిపోయినా గొడుగు మడవడం ఎవరికీ గుర్తు రాలేదు.

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. చివరికి క్యాంటీన్‌లో అతనే బయటపడ్డాడు.

"ఇంట్లో చెప్పేస్తాను. సరేనా?"

"ముందు నేనొకటి చెప్పాలి," అంది. టీ గ్లాసు పక్కకి జరిపింది. "మా అన్నయ్య జైల్లో ఉన్నాడు. మెకానిక్. షెడ్డులో గొడవైతే స్పానరుతో కొట్టాడు. అవతలి మనిషికి కన్ను పోయింది."

"కేసు పెట్టి ఇరికించారా?"

"లేదు. నిజంగానే కొట్టాడు. అమ్మానాన్నా పోయాక నాకు జడ వేసి బడికి పంపింది కూడా వాడే. రెండూ వాడే. వచ్చే నెల విడుదల."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మీ అన్నయ్య నాకూ అన్నయ్యే," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ ఆదివారం ఆమె అతని ఇంటికి వెళ్ళింది. వాళ్ళమ్మ ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్ళింది, పక్కన కూర్చోబెట్టుకుని కొసరి కొసరి వడ్డించింది. భోజనాలు ముగుస్తుండగా తల నిమిరి, "బంగారంలాంటి పిల్లవి. వీడు అంతా చెప్పాడు. నాకేం అభ్యంతరం లేదమ్మా," అంది.

పీపీగారి కళ్ళు చెమ్మగిల్లాయి.

"కాకపోతే ఒక్క మాట. మా పెద్దమ్మాయి అత్తవారు పట్టింపు మనుషులు. మీ అన్నయ్య పోయాడని చెబుదాం. పెళ్ళికి రాకుండా చూసుకుంటే చాలు."

ఆమె డిఫెన్సు వైపు చూసింది. అతను కంచంలో మెతుకులు ఏరుకుంటున్నాడు.

గేటు దాకా వెనకాలే వచ్చాడు.

"మాటే కదా. కొన్నాళ్ళు పోతే అన్నీ సర్దుకుంటాయి."

"అయితే నువ్వను. 'మీ అన్నయ్య చచ్చిపోయాడు' అని నా మొహం చూసి అను."

అతను అనలేదు. అనను అని కూడా అనలేదు.

విడుదల రోజు జైలు గేటు ముందు ఆమె ఒక్కతే నిలబడి ఉంది. బైకు చప్పుడైంది. డిఫెన్సు! హెల్మెట్ అద్దం పైకెత్తి, "తప్పయిపోయింది," అన్నాడు. "అమ్మతో పోట్లాడాను. అన్నయ్యని మనింటికే తీసుకెళ్దాం."

ఇన్నాళ్ళుగా బిగబట్టిన ఊపిరి వదిలింది ఆమె. ఏదో అనబోతుంటే చిన్న తలుపు తెరుచుకుంది. అన్నయ్య గుడ్డ సంచీతో బయటికొచ్చి, ఎండకి కళ్ళు చిట్లించి, చెల్లెల్ని చూసి నవ్వాడు.

"నువ్వేనా బాబూ డిఫెన్సు? చెల్లాయి ములాఖత్‌కి వస్తే నీ కబుర్లే చెప్పేది." చెయ్యి చాచాడు.

సరిగ్గా అప్పుడే బస్సొచ్చి ఆగింది. కిటికీల్లోంచి మొహాలన్నీ ఇటే తిరిగాయి. అన్నయ్య కోసం సగం దాకా వచ్చిన డిఫెన్సు చెయ్యి గభాల్న పైకి లేచి హెల్మెట్ అద్దాన్ని కిందికి లాగింది. ఆ తర్వాతే కరచాలనం చేశాడు.

"ఎండ మండిపోతోంది కదూ," అన్నాడు అన్నయ్య మెల్లగా.

"పద అన్నయ్యా, బస్సెళ్ళిపోతుంది," అంది ఆమె.

అద్దం వెనక నుంచి డిఫెన్సు ఏదో అన్నాడు. వినపడలేదు.

బస్సు కదిలి చాలా దూరం పోయాక అన్నయ్య అడిగాడు. "మంచివాడిలాగే ఉన్నాడే?"

"మంచివాడే," అంది. అని, అన్నయ్య భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.