దిష్టి దగ్గు

పదింటికల్లా హైమ ఇరవైమూడు దగ్గులు విని తీర్పు చెప్పేసింది. దుమ్ము దగ్గులు నాలుగు, సెలవు కోసం దగ్గినవి పదకొండు, కోడలు ఎదురుగా ఉందేమోనని గుమ్మం దగ్గర మామగార్లు దగ్గినవి ఎనిమిది.

ప్రతి ఇంటి కప్పుకీ ఒక చెవిపెట్టె ఉంది. దగ్గు వినబడితే చాలు, తలుపు బిగుసుకుంటుంది. శ్రవణశాలలో కూర్చున్న హైమ ఆరు నిమిషాల్లో దాన్ని దగ్గుల ఖజానాలోని నమూనాతో పోల్చి ‘జబ్బు కాదు’ మీట నొక్కాలి. లేకపోతే పద్నాలుగు రోజులు తెరుచుకోదు. నమూనా లేనిదే మీట కదలదు. ఈ కట్టడికంతా కారణమైన ధూళిజ్వరం పోయి మూడేళ్ళయింది. భయం మాత్రం మొహమాటం లేని చుట్టంలా తిష్ట వేసింది. జనం తాలింపులు మానేశారు. ఊరమిరపకాయలు వేయించకుండానే కొరుక్కుంటున్నారు. ఖర్మ కాకపోతే ఏమిటి!

నాలుగువందల పన్నెండో ఇంటికి ఎర్రదీపం వెలిగింది. ముప్పై ఒక్క దగ్గులు, నలుగురివి.

ఆ ఇంటి పెంటయ్యకి గడపజబ్బు, బయటికి అడుగు పెట్టాలంటే భయం. నాలుగేళ్ళుగా గుమ్మం దాటలేదు. ఇవాళ అదే భవనం కింది అంతస్తులో అతని కూతురు నూకరత్నం పెళ్ళి. కన్యాదానానికి దిగుతానని మొన్ననే ఒప్పుకున్నాడు. చెవిపెట్టెలోంచి నెల్లాళ్ళు బతిమాలి ఒప్పించింది హైమే. ఇప్పుడు తలుపు తెరుచుకోకపోతే ముహూర్తం దాటిపోతుంది, ఆ మనిషి ఇంక జన్మలో బయటికి రాడు.

“ఏమైందండీ అక్కడ?” అని చెవిపెట్టెలోంచి అడిగింది హైమ.

“నేనమ్మా, పెంటయ్య అక్కని, సన్నెమ్మని! మావోడు గడప దాటతన్నాడు కదాని దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో ఏసినాను. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు. అందరం దగ్గి సచ్చిపోనాం. ఇంక దిష్టీ లేదు, గిష్టీ లేదు!”

“దానికే తలుపు బిగుసుకుందండీ.”

“ఇదేటి సోద్యం? దగ్గితేనే కదమ్మా మంచిది!”

హైమ ఖజానా అంతా గాలించింది. రెండువందల పన్నెండు రకాలున్నాయి, మిరపకాయ దగ్గు లేదు. దాన్ని తయారుచేసినవాళ్ళది మంచు కురిసే దేశం. వాళ్ళకేం తెలుసు, పాపం.

“విస్సన్నగారూ, కొత్త నమూనా చేర్చొచ్చా?”

పర్యవేక్షకుడు విస్సన్న నిబంధనల పుస్తకం తలకింద పెట్టుకుని నిద్రపోయే రకం. “చేర్చొచ్చమ్మా. కానీ ఈ గదిలోనే, మన ఎదుటే, సహజంగా పుట్టిన దగ్గయ్యుండాలి. తొమ్మిదేళ్ళలో ఇక్కడ ఎవరు దగ్గారు గనక?”

“దగ్గితే?”

“మన నెత్తిమీదా చెవిపెట్టె ఉంది. మన దగ్గుకి మనం తీర్పు చెప్పుకోకూడదు. పద్నాలుగు రోజులు నువ్వూ నేనూ ఇక్కడే.”

ఇంకా మూడు నిమిషాలుంది. ఇంట్లో మొగుడికి అన్నం వార్చడం కూడా రాదు. నేర్చుకుంటాడులే అనుకుంది హైమ. డబ్బా మూత తీసి, పెరుగన్నం మీద పెట్టుకున్న రెండు ఊరమిరపకాయల్నీ టీ కాచే హీటరు మీద పడేసింది.

“అమ్మా హైమా, వద్దు—”

ఘాటు ముందు ఆయన్నే పట్టుకుంది. తొమ్మిదేళ్ళుగా బిగపట్టుకున్నదంతా ఒక్కసారే బయటికొచ్చింది. హైమ కూడా కడుపు పట్టుకుని దగ్గింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూనే ‘దిష్టి దగ్గు’ అని పేరు రాసి, రెండువందల పదమూడో నమూనాగా చేర్చి, మీట నొక్కింది. కదిలింది! నాలుగువందల పన్నెండుకి పచ్చదీపం వచ్చింది. ఆ వెంటనే వెనక శ్రవణశాల తలుపు ఠక్కున బిగుసుకుంది.

విస్సన్న తలుపుకేసి చూశాడు. తిట్టబోతున్నాడేమో అనుకుంది హైమ.

“హాయిగా ఉందమ్మా,” అన్నాడాయన సిగ్గుపడుతూ. “ఇంకో కాయ ఉందా?”

హైమకి నవ్వొచ్చింది. అంతలో చెవిపెట్టెలో గడియ తీసిన చప్పుడు, ఆ తర్వాత చెప్పుల చప్పుడు. ఒక అడుగు. రెండో అడుగు. గడప దగ్గర హాచ్చి అని పెద్ద తుమ్ము.

“ఒరే పెంటయ్యా, ఆగరా! తుమ్మినాను, ఒక్క తుమ్మే! ఎనక్కొచ్చి కాసేపు కూకో!” సన్నెమ్మ గొంతు.

చెప్పులు ఆగిపోయాయి. హైమ రెండు చేతులూ జోడించింది.

“నాలుగేళ్ళు కూకున్నాను కదక్కా,” అన్నాడు పెంటయ్య. “సాలదా?”

చెప్పులు మెట్లు దిగసాగాయి.