గార్డుగారి మనిషి

“పెద్దాయన వత్తాడని సెప్పారే! మీరేటి ఇలా ఉన్నారు?”

“ఎలా ఉన్నానేటండీ?”

“కుర్రాడిలా.”

“ముసిలోణ్ణయ్యేదాకా గుమ్మంలోనే నిలబడమంటారా?”

ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న హిందీ ఊళ్లో, జుగ్సలాయి పేటలో ఆ ఇంటి ముందు అమ్మణ్ణితో నా తొలి సంభాషణ ఇది. ఆమె నవ్వలేదు. లోపల్నుంచి మాత్రం ఎవరో పకపకా నవ్వారు.

నవ్వినాయన ఆమె తండ్రి కూర్మారావుగారు. గూడ్సు బళ్ల గార్డుగా పనిచేశారు. రెండేళ్ల కిందట మేడ మీంచి పడి మెడకు దెబ్బ తగిలింది. కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. నోరు మాత్రం మెయిలు బండిలా నడిచేది. భార్య ఎప్పుడో పోయింది. తెలుగు బడిలో పాఠాలు చెప్పే కూతురే ఆయన లోకం. ఆమె బడికి వెళ్లే వేళల్లో చూసుకోవడానికి వచ్చిన నలుగురూ ఆయన తిట్లకు పారిపోయారు. ఆస్పత్రిలో వార్డుబాయ్‌గా చేసిన నేను ఐదోవాణ్ణి. అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం, వానాకాలం.

“ఏరా, నీ పేరేటి?”

“చినబాబండీ.”

“నాకు టీ పట్టించగలవా?”

“పడతాను గానీ, తాగినంతసేపూ నన్ను తిట్టకూడదు. పొలమారుద్ది.”

గార్డుగారు నన్ను కిందికీ మీదికీ చూసి, “అమ్మణ్ణీ, ఈడుంటాడే!” అన్నారు.

ఆయనకు స్నానం చేయించడం, అన్నం తినిపించడం, రెండు గంటలకోసారి వీపు పుండు పడకుండా పక్క మార్చడం నా పని. “ఇటు తిప్పమంటారా, అటు తిప్పమంటారా?” అని అడక్కుండా ఆయన ఒంటి మీద చెయ్యి వేసేవాణ్ణి కాదు. ఇన్నాళ్లూ అందరూ ఆయన్ని బస్తాలా దొర్లించారు. ఒంట్లో కదలిక లేనంత మాత్రాన ఒళ్లు పరాయివాళ్లదైపోదు కదా!

సాయంత్రం నాలుగింటికి అమ్మణ్ణి వచ్చి తనిఖీ మొదలుపెట్టేది.

“పౌడరు రాశారా?”

“రాశాను.”

“గోళ్లు?”

“తీశాను.”

“మందు?”

“వేశాను టీచరుగారూ. ఇక హాజరు కూడా పిలిచెయ్యండి. ప్రెజెంట్ మేడమ్ అంటాను.”

ఆమె పెదవి బిగబట్టి వంటింట్లోకి వెళ్లిపోయేది. అక్కడ గిన్నెల చప్పుడుతో పాటు చిన్న నవ్వు కూడా వినబడేది.

ఒకరోజు మధ్యాహ్నం గార్డుగారు కిటికీలోంచి చూస్తూ, “ఒరే, సాక్చి బజారు ఉందా, ఎత్తేసారా?” అన్నారు.

ఆ మాట నన్ను ఎక్కడో తాకింది. “సూసొద్దాం, పదండి” అన్నాను.

వీధి చివర రిక్షా ముసలయ్యను పిలిచాను. ఇద్దరం ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టాం. పక్కన నేను కూర్చుని, మా ఇద్దరి నడుములకూ కలిపి దుప్పటి కట్టాను. సాక్చి అంతా తిరిగాం. వేడి జిలేబీ ముక్కలు ముక్కలుగా ఆయన నోట్లో పెట్టాను. తిరిగి వచ్చేటప్పుడు వాన పట్టుకుంది.

ఇంటికి చేరేసరికి అమ్మణ్ణి గుమ్మంలో ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఖాళీ మంచం చూసి ఏం ఊహించుకుందో!

“దిమాగ్ ఖరాబ్ హో గయా క్యా? మతి పోయిందా? ఈయన్ని వాన్లో తిప్పుతారేటి? ఏటైనా అయితే?”

నేను తల దించుకున్నాను. గార్డుగారే అన్నారు: “ఆణ్ణేటనకే. నానే అడిగాను. మొకం మీద వాన పడి రెండేళ్లయిందే, అమ్మణ్ణీ.”

ఆమె లోపలికెళ్లి తువ్వాలు తెచ్చింది. తండ్రి ముఖం మెల్లగా తుడిచింది. తర్వాత ఇంకో తువ్వాలు నా మీదికి విసిరింది.

“తుడుచుకోండి. మీకు జొరమొత్తే రేపెవరొత్తారు?”

“అంటే రేపు రమ్మంటారా?”

“నాన్న కోసం” అంది. కానీ ఆ చూపు నాన్న వైపు లేదు.

ఆ రోజు నుంచి నాకు టీ గాజు గ్లాసులో కాకుండా, పువ్వుల కప్పులో వచ్చింది. ‘మీరు’ ఎప్పుడో ‘నువ్వు’ అయింది. ఆదివారాలు ముగ్గురం రిక్షాలో తిరిగేవాళ్లం. ముసలయ్య సైతం మమ్మల్ని చూసి ఈల వేసేవాడు.

చలికాలం వచ్చింది. నా స్నేహితుడు సన్యాసిరావు ఒకనాడు టీ కొట్టు దగ్గర నా వీపు చరిచాడు. “బలేగుంది యార్! అల్లుడివైపోతే గార్డుగారికి జన్మంతా జీతం లేని మనిషి దొరికినట్టే.”

నవ్వేశాను. కానీ ఆ మాట చేపముల్లులా గొంతులో ఉండిపోయింది.

సరిగ్గా ఆ వారమే అమ్మణ్ణి పెరట్లో బట్టలు ఆరేస్తూ, నా వైపు చూడకుండా అడిగింది. “నాన్నతో మాటాడాను. నన్ను పెళ్లి చేసుకుంటావా?”

ఎగిరి గంతెయ్యాల్సినవాణ్ణి. నా పాపిష్టి నోరు మరోటి పలికింది. “నాకోసం అడుగుతున్నావా, గార్డుగారికి మనిషి దొరకడనా?”

ఆమె చేతిలోని తడి చొక్కా అలాగే ఉండిపోయింది. “ఠీక్ హై” అని లోపలికి వెళ్లింది.

మూడు రోజులు మాట లేదు. పువ్వుల కప్పూ లేదు. క్షమించమని అడగబోయిన ప్రతిసారీ తలుపు చాటుకు తప్పుకునేది. ఆదివారం రావద్దని కబురు పంపింది.

సోమవారం పొద్దున్న వెళ్లేసరికి నా స్టూలు మీద నడివయసు మనిషొకడు కూర్చుని, గార్డుగారికి ఉప్మా తినిపిస్తున్నాడు.

“నువ్వెవరు?” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

“తవిటయ్యనండి. కొత్తగా సేరాను.”

వెనక్కి తిరిగితే అమ్మణ్ణి దారికి అడ్డంగా నిలబడి ఉంది.

“ఆదివారవంతా నేనే పని నేర్పాను. పక్క మార్చేముందు అడగాలని కూడా సెప్పాను” అంది. “భాలుబాసాలో సవరయ్య మాస్టారికి తుంటెముక విరిగింది. మనిషి కావాలంటే నీ పేరు సెప్పాను. రేపు పొద్దున్నే వాళ్లింటికెళ్లు.”

“అంటే, నేను ఇంక...”

“ఆగు. నాన్నకి మనిషున్నాడు. నీకు పనుంది. నీతో మాకింక ఏ అవసరవూ లేదు.” ఆమె నా కళ్లలోకి సూటిగా చూసింది. “ఇప్పుడు అడుగుతున్నాను. నన్ను సేసుకుంటావా?”

నా కళ్లు మసకబారాయి.

లోపల్నుంచి గార్డుగారు కేకేశారు: “ఒరే, ఆ జవాబేదో గట్టిగా సెప్పు. నాకూ ఇనబడాల!”

“సేసుకుంటానండీ!” అని అరిచాను. ఎదురింటి జోగమ్మగారు కిటికీ తలుపు తెరిచేంత గట్టిగా.

“నన్ను క్షమించు” అని నెమ్మదిగా అన్నాను. “ఆ మాట అనకుండా ఉండాల్సింది.”

“అనకపోతే, నీకు జన్మంతా అనుమానం ఉండిపోయేది. పోనీలే.”

తవిటయ్య గార్డుగారిని ఇంట్లో తిప్పే చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి మా ముందుకు తీసుకొచ్చాడు. అలవాటుగా ఆయన పాదాలు సరిచెయ్యడానికి నేను వంగబోతే అమ్మణ్ణి నా మణికట్టు పట్టుకుంది. తవిటయ్యే సరిచేశాడు.

“సేతులెత్తి దీవించలేను” అన్నారు గార్డుగారు. “ఇద్దరూ దగ్గరగా వంగండి.”

మేం వంగాం. ఆయన మెడ వంచగలిగినంత వంచి, ముందు కూతురి తలకూ, తర్వాత నా తలకూ నుదురు ఆనించారు. నా జుట్టులో వెచ్చగా ఒక చుక్క పడింది.

“నాన్నా, ఏడుత్తన్నావేటి?” అంది అమ్మణ్ణి.

“లేదే. ఉప్మాలో మిరపకాయ తగిలింది.”

“అందులో మిరపకాయ ఎయ్యలేదు బాబూ” అన్నాడు తవిటయ్య.

“నువ్వు నోర్ముయ్యరా!” అన్నారు గార్డుగారు. ముగ్గురం ఒక్కసారే నవ్వాం. తిట్టు తిన్న తవిటయ్య కూడా నవ్వేశాడు.