రేడియో కాస్త తగ్గించండి

పొద్దున్నే నేను చేయాల్సిన పనులు ఇవి. మోటారు వేసి ట్యాంకు నింపాలి. నాన్నకి షుగరు మాత్ర ఇచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడాలి. చెల్లి సైకిల్‌కి గాలి కొట్టాలి. చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి. ఇంట్లో మొదటి డిగ్రీ నాది కాబట్టి, నలిగిన చొక్కాతో ఆఫీసుకి వెళ్తే అమ్మ దృష్టిలో ఆ డిగ్రీయే నలిగిపోయినట్టు. ఇవన్నీ అయ్యాక బస్టాపులో నిలబడి రేడియోకి ఫోన్ చేసి, మా ఊరి జట్టు వికెట్ కీపర్‌ని తీసెయ్యమని వాదించాలి.

ఆ చివరి పని ఎవరూ చెప్పింది కాదు. కానీ దానికోసమే మిగతావన్నీ పరుగుపరుగున చేసేవాణ్ణి.

ఉదయం వచ్చే ఆటల కబుర్ల కార్యక్రమం అది. ఫోన్ చేసేవాళ్ళకి ఆర్జే తలా ఒక పేరు పెట్టేవాడు. నాకు పెట్టింది ‘ఫస్ట్ స్లిప్’, అంటే కీపర్ పక్కనే నిలబడే ఫీల్డరు. నేను స్టాపులో నా వాదన చెప్పేసి, బస్సెక్కి, ముందు సీట్లో కూర్చుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకునేసరికి జవాబు వచ్చేది. ‘గ్లవ్స్ గారు’ అనే అమ్మాయి దగ్గర్నుంచి.

“ఆ ఫస్ట్ స్లిప్ అన్నగారికి ముందు చూపు టెస్ట్ చేయించాలండీ,” అంది మొదటిరోజే. “కీపర్ వదిలేసిన ఒక్క క్యాచ్ కనపడింది గానీ, పట్టినవి కనపడలేదా?”

నాకు ఒళ్ళు మండింది. మర్నాడు అందుకున్నాను. “నా చూపు బాగానే ఉంది. ఆయన మోకాళ్ళే అరిగిపోయాయి.”

“రోజంతా గొంతుక్కూర్చుని లేవమనండి అన్నగారిని. సాయంత్రానికి మోకాళ్ళు పేరుపెట్టి పిలుస్తాయి!”

నవ్వొచ్చింది. ఆ నవ్వే కొంప ముంచింది. నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు నాది. ఆమె ఫోన్ చేసిన రోజు పైపు పగిలినవాళ్ళ తిట్లు కూడా తియ్యగా ఉండేవి. చెయ్యని రోజు వాళ్ళతో పాటు నేనూ ఫిర్యాదు రాసుకోవాలనిపించేది.

ఇక బస్సులో సంగతి వేరు. వెనక సీట్లో ఒక అమ్మాయి రోజూ పక్కన పెద్ద పెట్టె పెట్టుకుని కూర్చునేది.

“ఆ పెట్టె కాస్త తీస్తారా?” అని ఓసారి అడిగాను.

“కళ్ళజోళ్ళ అద్దాలున్నాయి. పగిలితే మీరు కట్టిస్తారా?” అంది కిటికీలోంచి వాన చూస్తూనే. ఆ తర్వాత మళ్ళీ వెనక్కి వెళ్తే ఒట్టు.

మా డ్రైవరుని అందరూ బాబాయ్ అనేవాళ్ళు. ఆయన కూడా ఇదే కార్యక్రమం పెట్టేవారు. “ఫోర్ కొడితే పరిగెత్తక్కర్లేదంటావు, మరి వాళ్ళెందుకు బాబూ పరిగెత్తుతున్నారు?” అని నన్ను అడిగేవారు. నేను చెప్పేవాణ్ణి. మర్నాడు మళ్ళీ అదే అడిగేవారు.

ఆ శుక్రవారం జోరున వాన. చెల్లి నా ఇయర్‌ఫోన్స్ ఎత్తుకుపోయింది. సరే, బాబాయ్ రేడియో ఉందిగా అని ముందు సీట్లో కూర్చున్నాను. “లైన్లో మన గ్లవ్స్ గారు!” అన్నాడు ఆర్జే. వెంటనే బాబాయ్ రేడియో తగ్గించేశారు.

“బాబాయ్! పెంచండి, పెంచండి. ఆవిడే మాట్లాడేది!”

“తగ్గించకపోతే ఫోన్లో కూత వస్తుందిట బాబూ. రోజూ తగ్గిస్తూనే ఉన్నాగా.”

“ఎవరి ఫోన్లో?”

బాబాయ్ గడ్డంతో వెనక్కి చూపించారు.

రేడియో నోరు మూసుకుంది. గ్లవ్స్ గారి గొంతు మాత్రం ఆగలేదు. వెనక సీట్లోంచి, వాన చప్పుడులోంచి వస్తూనే ఉంది.

“సోమవారం నుంచి నన్ను వేరే బ్రాంచికి వేశారండీ. ఈ బస్సుండదు, అక్కడ పొద్దున ఫోన్ ముట్టుకోనివ్వరు. ఇదే నా ఆఖరి కాల్. కీపర్‌ని జాగ్రత్తగా చూసుకోండి. ఆ ఫస్ట్ స్లిప్ ఎవరో చూడకుండానే వెళ్ళిపోతున్నా, అదొక్కటే వెలితి.”

వంతెన దాటితే ఆమె దిగే స్టాపు. లేచి వెళ్ళి చెబుదామంటే పెట్టె దగ్గర తిన్న చీవాట్లు గుర్తొచ్చి ఆగిపోయాను. ఆమెతో మాట్లాడటం నాకు తెలిసిన దారి ఒక్కటే. ఫోన్ తీశాను.

బాబాయ్ ఒక్కసారి నన్ను చూసి, వంతెన మీద బస్సుకి పెళ్ళినడక నేర్పించారు.

“అరె, ఫస్ట్ స్లిప్! గ్లవ్స్ గారు ఇంకా లైన్లోనే ఉన్నారు,” అన్నాడు ఆర్జే. “ముందు మీ రేడియో కాస్త తగ్గించండి.”

“తగ్గించే ఉందయ్యా!” అని అరిచారు బాబాయ్.

“గ్లవ్స్ గారూ,” అన్నాను. “కీపర్‌ని తీసెయ్యాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.”

“ఇన్నాళ్ళకి కళ్ళు...” ఆమె మాట సగంలో ఆగింది. నా గొంతు ఒక చెవిలో ఫోన్లోంచి, ఇంకో చెవిలో ముందు సీట్లోంచి పడింది మరి. “...తెరుచుకున్నాయా?”

“తెరుచుకున్నాయి. మీరూ ఒక మాట వెనక్కి తీసుకోవాలి.”

“ఏ మాట?”

“అన్నగారు.”

బస్సంతా గొల్లున నవ్వింది. “తీసుకోవే తల్లీ, త్వరగా తీసుకో. నా స్టాపొస్తోంది, విని దిగుతా,” అంది ఒక పెద్దావిడ.

అద్దంలో చూశాను. ఆమె లేచింది. పెట్టె పట్టుకుని, తూలుతూ, సీట్ల మధ్య నుంచి ముందుకొచ్చి నా పక్కన కూర్చుంది. పెట్టె నా ఒళ్ళో పెట్టింది.

“అద్దాలున్నాయి. వదిలేశారంటే మీరు కీపర్‌కి కోరిన గతే మీకూ.”

“వదలను.”

“అయితే తీసుకున్నా. కానీ ఫైనల్ నిర్ణయం థర్డ్ అంపైర్‌ది. మా నాన్న. ఆదివారం మ్యాచ్ టైముకి ఇంట్లోనే ఉంటారు.”

“హలో? ఎవరైనా ఉన్నారా?” అంటున్నాడు ఆర్జే, రెండు ఫోన్లలోనూ.

ఆదివారం ఇస్త్రీ చొక్కాతో వెళ్ళాను. వాళ్ళ నాన్న మ్యాచ్ అయ్యేదాకా టీవీ మీంచి చూపు తిప్పలేదు. అప్పుడడిగారు.

“మా అమ్మాయితో వాదించి ఎప్పుడన్నా గెలిచావా?”

“లేదండీ.”

“అయితే ఫర్వాలేదు,” అన్నారు.

పెళ్ళికి బాబాయ్ వచ్చారు. “ఈసారి కప్పు మనదే బాబాయ్,” అన్నాను ఉత్సాహంగా.

“నాకు ఆటేం తెలుసు బాబూ? నాకు పాత పాటలిష్టం. రేడియోలో నీ గొంతొస్తే వెనక ఆ పిల్ల నవ్వుకునేది. ఆ పిల్ల మాట్లాడితే నువ్వు ముందు నవ్వుకునేవాడివి. రెండూ అద్దంలో కనపడేది నాకొక్కడికే. ఇంక స్టేషనెలా మారుస్తాను?”

“మరి చెప్పొచ్చుగా!”

“నడిచే బండిలో డ్రైవరుతో మాట్లాడరాదని బోర్డుంది. డ్రైవరు మాత్రం మాట్లాడొచ్చా?”

ఆయన ఈ మధ్యే రిటైరయ్యారు. రేపు పొద్దున మీరెక్కిన బస్సులో రేడియో మోగుతుంటే, తనకిష్టమైన పాటలు మానుకుని మా ఇద్దరికీ ఆట వినిపించిన మా బాబాయ్‌ని ఒక్కసారి తలుచుకోండి.