అవతలి డిష్ దగ్గర

ఆ మ్యూజియంలో పనిచేసేవాళ్ళెవరూ తలుపులు మూశాక కింది హాల్లోకి ఒంటరిగా వెళ్ళరు. ఊడ్చేవాళ్ళు జతగానే దిగుతారు. ఒకసారి బల్బు మార్చడానికి వెళ్ళిన ఎలక్ట్రీషియన్ నిచ్చెన అక్కడే వదిలేసి పైకి పరిగెత్తుకొచ్చాడట. మర్నాడు పట్టపగలు దాన్ని తెచ్చుకోవడానికి కూడా ఇంకొకర్ని తోడు పిలిచాడట. ఏం కనపడిందయ్యా అంటే, ఏమీ కనపడలేదంటాడు. కనపడలేదు... వినపడింది. పక్కన ఎవరూ లేకుండానే ఎవరో చెవిలో మాట్లాడారు.

నేను దెయ్యాల్ని నమ్మను. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని, మనుషులు లేనిపోనిదానికి ఎంత భయపడతారో రోజూ చూస్తుంటాను. కుర్చీ ఎక్కకముందే కేకలు పెట్టే పెద్దమనుషులున్నారు. కాబట్టి ఇది నా మాట కాదు. మా అక్క కూతురు చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

అక్క కూతురైనా నాకు మా అమ్మాయే. డిగ్రీ అవగానే ఆ మ్యూజియంలో ఏడాది ఫెలోషిప్‌లో చేరింది. హైస్కూలు పిల్లల్ని చేరదీసి, సైన్సు గ్యాలరీలో నిలబడి వచ్చినవాళ్ళకి ఒక్కో వస్తువు గురించి వివరించేలా తయారుచేయడం దాని పని. పిల్లలు ఏదైనా అడిగితే జవాబు చెప్పకూడదట. "నువ్వేం చూశావు?" అని తిరిగి అడగాలట.

"చిన్నప్పట్నుంచీ ఇంట్లో నువ్వు చేస్తున్నది అదే కదే, దానికి మళ్ళీ ఉద్యోగం కూడానా?" అన్నాను. పకపకా నవ్వింది. అప్పట్లో బాగా నవ్వేది.

పిల్లలకి ఒకటే కట్టుబాటు పెట్టింది. చూసింది చెప్పండి, విన్నది చెప్పండి. లేనిది మాత్రం ఉందని చెప్పొద్దు. ఎదుటివాళ్ళు సంతోషిస్తారనుకున్నా సరే, చెప్పొద్దు.

ఆ గుంపులో ఒక పిల్లకి నత్తి. తెలివైన పిల్ల... కానీ నలుగురి ఎదుట నోరు పెగలదు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయి, ముఖం కందిపోయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. తోటి పిల్లలు 'మ్యూట్' అని పేరు పెట్టేశారు. మా అమ్మాయి గట్టిగా కోప్పడితే తన ముందు అనడం మానేశారు, అంతే.

పిల్లలు సందర్శకుల ముందు మొదటిసారి మాట్లాడే రోజు దగ్గరపడింది. గ్యాలరీ ఇన్‌ఛార్జి మేడమ్ మా అమ్మాయిని పిలిచింది.

"చూడమ్మా, ఆ పిల్ల అందరి ముందూ బిగుసుకుపోతే తనకే బాధ. లేబుళ్ళు అంటించే పని ఇద్దాం. కాదు, మాట్లాడగలదు అని నువ్వు పూచీ పడితే సరే. రేపు పొద్దున్నకల్లా చెప్పు."

మేడమ్ చెడ్డదైతే పోట్లాడేదే. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు, అదే వచ్చిన చిక్కు. పూచీ పడ్డాక ఆ పిల్ల నవ్వులపాలైతే? పడకపోతే... ఆ పిల్ల జన్మలో మళ్ళీ ఎక్కడైనా నోరు తెరుస్తుందా? రోజంతా మా అమ్మాయికి తిండి సయించలేదు.

ఆ పిల్ల ఎంచుకున్న వస్తువు ఉన్నది ఆ కింది హాల్లోనే. హాలుకి ఈ చివరొకటి, ఆ చివరొకటి పెద్ద డిష్‌లు ఉంటాయి, టీవీ యాంటెన్నాల్లా లోపలికి గుంటగా, మనిషి ఎత్తున, ఎదురెదురుగా. ఒకదాని ముందు నిలబడి గుసగుసగా మాట్లాడితే, అంత దూరాన రెండోదాని దగ్గరున్న మనిషికి చెవిలో చెప్పినట్టు వినపడుతుంది. మధ్యలో ఉన్నవాళ్ళకి ఒక్క ముక్కా వినపడదు.

చీకటి పడింది. మ్యూజియం మూసేశారు. ఏదో ఒకటి తేల్చుకోవాలి, ఆ డిష్‌లని ఒకసారి చూసి వెళదామని మా అమ్మాయి మెట్ల దగ్గరికొచ్చింది.

"లైట్లు తీసేశానమ్మా," అన్నాడు సెక్యూరిటీ అతను గొంతు తగ్గించి. "రేపు చూసుకోరాదూ..."

"ఇప్పుడే వచ్చేస్తానన్నా."

అతను మెట్లపైనే ఆగిపోయాడు.

కింద ఫ్యాన్లు కూడా ఆగిపోయి ఉన్నాయి. పగలు పిల్లల అరుపులతో హోరెత్తే హాలు... చడీచప్పుడూ లేదు. ఫోన్ లైటు నాలుగడుగుల దాకానే పడుతోంది. మెట్లపక్కనున్న డిష్ ముందు నిలబడింది. నిలబడిందో లేదో —

చెవిలో... ఊపిరి.

తర్వాత మాట.

"శబ్దం... ఇక్కడ తగిలి... వెనక్కి మళ్ళుతుంది..."

పైకి పరిగెత్తాలని ఉందట దానికి, అడుగు పడదు. మాట ఆగలేదు. మెల్లగా, ఎక్కడా తడబడకుండా సాగుతూనే ఉంది.

అప్పుడు తనని తానే ప్రశ్నించుకుంది. నువ్వేం చూశావు? ఏమీ చూడలేదు. ఏం విన్నావు? మాట విన్నాను. ఇక్కడ మాట వినపడిందంటే... అవతలి డిష్ దగ్గర మనిషి ఉండాలి. ఏ దెయ్యానికి మాత్రం సైన్సు పాఠం చెప్పాల్సిన ఖర్మేంటి?

నడిచింది. డిష్ వదిలి పక్కకి రాగానే మాట ఆగిపోయింది. ఇక తన చెప్పుల చప్పుడే. హాలు సగం దాటింది. లైటు వెలుగులో ముందు స్కూల్ బ్యాగు కనపడింది... తర్వాత బూట్లు... తర్వాత మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని, డిష్‌లో చెవి ఆనించి కూర్చున్న పిల్ల.

మ్యూట్!

పోయిన ప్రాణం లేచొచ్చింది మా అమ్మాయికి. "దెయ్యం నువ్వేనన్నమాట!" అని ఆ పిల్లని దగ్గరికి లాక్కుంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

వాళ్ళమ్మ పని ముగించుకుని వచ్చి తీసుకెళ్ళేసరికి ఆలస్యమవుతుందట. అందాకా ఆ పిల్ల రోజూ ఎవరి కంటా పడకుండా ఇక్కడికి దిగొచ్చి సాధన చేసుకుంటోంది.

"ఇక్కడ ఎ... ఎవరి ముఖమూ కనపడదు కదక్కా," అంది. "మాట దా... దానంతటదే వస్తుంది."

మా అమ్మాయి గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. పూచీ పడొచ్చు. ఎలక్ట్రీషియన్‌ని హడలగొట్టింది కూడా ఇదేనన్నమాట అనుకుంది. ఆ హాలు పేరు చెడింది ఈ పిల్ల మ్యూజియంలో అడుగుపెట్టక ముందేనని ఆ క్షణాన తట్టలేదు.

"ఇంత బాగా మాట్లాడగలనని నాకు ముందే ఎందుకు చెప్పలేదే?"

ఆ పిల్ల వింతగా చూసింది. "మీకు తె... తెలుసు కదక్కా. నేర్పింది మీరే కదా."

"నేనా?"

"అటువైపు నుంచి. రోజూ. తొందరేం లేదు... ఊపిరి తీసుకో... మళ్ళీ మొదట్నుంచి చెప్పు అని..."

మా అమ్మాయి పొద్దుపోయాక ఆ హాల్లోకి దిగడం అదే మొదటిసారి.

"ఇప్పుడు కూడా బాగా చెప్పావన్నారు," అంది ఆ పిల్ల. దాని కళ్ళల్లో భయం లేదు, తెలుసుకోవాలన్న ఆత్రం ఉంది. "మీ లైటేమో మధ్యదాకా వచ్చేసింది... మీ మాట మాత్రం నా చెవిలోనే ఉంది. అదె... అదెలా చేశారక్కా?"

వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు మా అమ్మాయికి. నిజం చెబితే ఈ పిల్ల ఏమైపోతుంది? ఇన్నాళ్ళూ తనకి మాట నేర్పింది ఎవరో తెలియదంటే, ఆ నోరు మళ్ళీ మూసుకుపోదా? తను పెట్టిన కట్టుబాటు తనకి తెలుసు. అయినా...

"అవును," అంది. "నేనే."

"అనుకున్నా!" అని ఆ పిల్ల బ్యాగు తగిలించుకుని మెట్లకేసి పరిగెత్తింది.

మర్నాడు ఆ పిల్ల అందరి ముందూ మాట్లాడింది. నేనూ వెళ్ళాను. అక్కడక్కడా ఆగింది. ఊపిరి తీసుకుంది, మళ్ళీ అందుకుంది. ఇన్‌ఛార్జి మేడమ్ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. వాళ్ళమ్మ చివరి వరసలో నిలబడి కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి, దాచడమెందుకు.

మా అమ్మాయి ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. ఆ హాల్లో ఉన్నంతసేపూ మధ్యలోనే నిలబడింది, ఏ డిష్ దగ్గరికీ పోలేదు.

ఇంటికొచ్చాక నిలదీస్తే రాత్రి జరిగింది చెప్పింది. నేను నమ్మలేదు. "ఎవరో తోటి పిల్లలు ఆటపట్టించి ఉంటారే. లేదా ఆ సెక్యూరిటీ అతనే..."

"అతను పైనే ఉన్నాడు పిన్నీ. ఆ పిల్ల వెళ్ళాక... అక్కడే కూలబడిపోయాను. ఆ పిల్ల కూర్చున్న చోటే." నేను చెయ్యి పట్టుకున్నాను. "పైన ఆ పిల్లా, సెక్యూరిటీ అతనూ మాట్లాడుకోవడం వినపడుతోంది. కింద నేనొక్కదాన్నే. అప్పుడు చెవిలో వినపడింది. నేనిందాక నిలబడ్డ డిష్ దగ్గర్నుంచి. అచ్చం నా గొంతే పిన్నీ... ఆ పిల్లతో 'నేనే' అన్నాను కదా, దానికి జవాబు..."

"ఏమంది?"

మా అమ్మాయి నా చెవి దగ్గరికి వంగి, గుసగుసగా చెప్పింది.

"నువ్వా?... మరి నేనెవర్ని?"