ఎనిమిది గంటల ఫోను

సముద్రం కట్ట తెంచుకుని రేవు వీధి ఇళ్ళలోకి వచ్చిన ఏడాది అది. ఆ ఊళ్ళో ఇప్పటికీ చావులకీ పెళ్ళిళ్ళకీ ఆ నీళ్ళతోనే లెక్క. థోర్వాల్ భార్య మారెన్ పోయింది నీళ్ళకి నాలుగేళ్ళు ముందు. అతను పడవ ఇంజన్ల పని మానేసింది నీళ్ళకి ఏడాది ముందు.

నీళ్ళు వచ్చినప్పుడు అతను మేడగదిలోకి ఎక్కాడు. రెండు రోజులు అక్కడే ఉన్నాడు. రొట్టె ఉంది. కిటికీ ఉంది. ఎలా ఉన్నావని అడిగే మనిషే లేడు. మూడో రోజు దిగి, తలుపు తీసి, బురద ఎత్తిపోసుకున్నాడు. గోడ మీద నడుమెత్తున మిగిలిన మరకకి రంగు వేయలేదు. ఎవరు చూడాలని?

ఆ సంగతి బోడిల్ చెవిన పడింది. ఆవిడ ఒకప్పుడు బళ్ళో డ్రిల్లు టీచరు. ఇప్పుడు మంగళవారాలు ఆటల హాల్లో పెద్దవాళ్ళని కుర్చీల్లో కూర్చోబెట్టి వ్యాయామం చేయిస్తోంది.

"ఏమయ్యా, రెండు రోజులు చచ్చావో బతికావో ఎవరికీ తెలియకుండా ఉంటావా? మంగళవారం రా. కాఫీ, కప్పు నీవే తెచ్చుకో" అంది గుమ్మంలోనే.

వెళ్ళిన రోజే గొడవ. గుండ్రంగా కుర్చీలు వేసుకుని బంతి ఒకరికొకరు వేసుకుంటున్నారు. థోర్వాల్ లంగరు విసిరినట్టు విసిరాడు. బంతి ఎదుటావిడ తల మీదుగా పోయి ఆవిడ కాఫీ బుట్టలో పడింది. నీలం పూల కప్పు రెండు ముక్కలైంది.

"ఆటకొచ్చారా, పడవ కట్టడానికొచ్చారా?" అందావిడ. పేరు గ్రేథె. పోస్టాఫీసులో చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు.

"జారింది" అన్నాడు థోర్వాల్.

"జారితే కింద పడుతుంది. ఇది ఎగిరింది!"

అందరూ నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ముక్కలు ఏరి జేబులో వేసుకున్నాడు. మరుసటి మంగళవారం కప్పు అతికించి తెచ్చాడు.

గ్రేథె తిప్పి చూసింది. "అతుకు కనబడుతోంది."

"కారదు" అన్నాడు.

ఆ చలికాలంలోనే బోడిల్ ఫోనుల వరస పెట్టింది. పొద్దున్న ఎనిమిదింటికి ఆవిడ థోర్వాల్‌కి చేస్తుంది. థోర్వాల్ గ్రేథెకి, గ్రేథె ఇంకొకరికి, అలా పన్నెండు మంది. చివరివాళ్ళు తిరిగి బోడిల్‌కి చెయ్యాలి. ఎవరైనా ఫోను తియ్యకపోతే వాళ్ళ ఇంటి తాళంచెవి పట్టుకుని ఎవరో ఒకరు పరుగెత్తాలి.

మొదట్లో రెండే మాటలు.

"గ్రేథె గారూ?"

"ఉన్నాను."

"సరే."

తర్వాత ఆవిడ కబుర్లు కలపడం మొదలుపెట్టింది. "మా పొగగొట్టం మీద కొంగ వాలింది. అచ్చం మీలాగే. ఉలకదు, పలకదు." అతను ఫోను చెవికి నొక్కుకుని వినేవాడు. మంగళవారాలూ, బోడిల్ అడిగే ఒక్క 'ఉన్నావా' తప్పిస్తే రోజు మొత్తంలో అతను వినే మనిషి గొంతు అదొక్కటే. పెట్టేశాక ఇల్లు ఇంకా పెద్దదైనట్టుండేది. మరుసటి ఎనిమిదింటికి ఇంకా ఇరవై మూడు గంటల పైన ఉందని గోడ గడియారం చెప్పేది.

జనవరి మొదటి మంగళవారం, వ్యాయామం అయ్యాక, కాఫీల దగ్గర లౌరిట్స్ లేచాడు. వరసలో చివరివాడు అతనే.

"నాకు తొమ్మిదైనా ఫోను రావడం లేదు. ఫోను వచ్చేదాకా బతికున్నట్టు లెక్క కాదు కదా అని గుడ్డు ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను. రోజూ చల్లారిపోతోంది!"

"ఎక్కడ ఆగుతోందో అందరికీ తెలుసులే" అంది పక్క కుర్చీలోని హెల్గ, గ్రేథె వైపు కన్ను గీటుతూ.

బోడిల్ అక్కడే కాగితం తీసి వరస మార్చేసింది. "థోర్వాల్, రేపట్నించి నువ్వు లౌరిట్స్‌కి చెయ్యి. గ్రేథె చివర. గ్రేథెకి హెల్గ చేస్తుంది. ఎవరికైనా అభ్యంతరమా?"

గ్రేథె థోర్వాల్ వంక చూసింది. అతను కప్పులోకి చూశాడు. "సరే" అన్నాడు.

బయట వాన. గ్రేథె తలకి రుమాలు కట్టుకుంటూ అతని పక్కన ఆగింది. "అంతేలెండి. పలికేది ఎవరైతేనేం? మీకు ఒకటే కదా."

గొడుగు కూడా విప్పకుండా వెళ్ళిపోయింది. అతను చూరు కింద నిలబడి, ఆవిడ రేవు మలుపు తిరిగేదాకా చూశాడు. వాన మాత్రం ఆగలేదు.

మరునాడు ఎనిమిదింటికి బోడిల్ ఫోను చేసింది. ఉన్నానన్నాడు. లౌరిట్స్‌కి చేశాడు.

"ఉన్నావా?"

"ఉన్నాను. గుడ్డు వేడిగా ఉంది!"

ఫోను పెట్టి మరక గోడ ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత కోటు వేసుకుని కట్ట మీదుగా వానలో నడిచి గ్రేథె తలుపు కొట్టాడు.

ఆవిడ చేతులు పిండితో ఉన్నాయి. "ఏమైంది? ఎవరికేమైంది?"

"ఒకటే కాదు" అన్నాడు థోర్వాల్.

"ఏది?"

"నిన్న మీరన్నది. నాకు ఒకటే కాదు." ఆగాడు. "పొద్దున్నే మీ గొంతు వినకపోతే, నేను మళ్ళీ ఆ మేడగదిలో ఉన్నట్టే."

గ్రేథె మోచేత్తో తలుపు బార్లా తోసింది. "ఈ ముక్క చెప్పడానికి ఒక రాత్రి పట్టిందా? లోపలికి రండి. నీళ్ళు కారుతున్నాయి."

అతికించిన నీలం పూల కప్పులో కాఫీ పోసి అతని ముందు పెట్టింది. అప్పుడే ఫోను మోగింది.

"నా చేతులు పిండి" అంది గ్రేథె, అతని వంకే చూస్తూ.

ఎత్తితే అరగంటలో ఊరంతా తెలుస్తుంది. థోర్వాల్ లేచి ఎత్తాడు.

"థోర్వాల్‌ని. గ్రేథె ఉంది. నేనూ ఉన్నాను."

అవతల హెల్గ కిసుక్కున నవ్వింది. అతను పెట్టేసి, వరస ప్రకారం బోడిల్ నంబరు తిప్పాడు.

"అందరూ ఉన్నారు" అన్నాడు.

"గ్రేథె చెయ్యాలి కదా! నువ్వెక్కడున్నావయ్యా?"

"గ్రేథె ఇంట్లో. రేపు కూడా ఇక్కడికే చెయ్యి."

ఫోను పెట్టి వచ్చి కాఫీ తాగాడు. కప్పు కారలేదు.