నడుమ ఉన్న బరువు

బతుకమ్మ చుట్టూ రెండో చుట్టు తిరగకముందే కోమల మోచెయ్యి పక్కామె ముక్కుకు తగిలింది.

మెట్‌పల్లిలో వాళ్ల వాడలో మూడు చప్పట్లకు ఒక అడుగు. ఇప్పుడు పండక్కి వచ్చిన కరీంనగర్‌లో, మేనత్త నాగవ్వ వాళ్ల గల్లీలో రెండే. "సారీ అక్కా" అంటూ తలెత్తేసరికి మేడ మీద ఒకడు నవ్వుతున్నాడు. అత్తమ్మ ఇంట్లో పైగదికి కొత్తగా అద్దెకొచ్చిన లక్ష్మణ్. ఆదిలాబాద్ అబ్బాయి, కాలేజీలో ఫిజిక్స్ చెప్తూ పీహెచ్‌డీ చేస్తున్నాడు.

ఆట అయ్యాక కోమల అతన్ని మెట్ల దగ్గర పట్టుకుంది. "ఏం సారూ, ఎవలన్న అడుగు తప్పితే నవ్వొస్తదా?"

"తప్పినందుకు కాదండీ. అడుగు చూసి మీరు ఈ గల్లీ కాదని తెలిసింది. గెలాక్సీలల్ల నేను చూసేది గదే."

"అక్కడ గూడ బతుకమ్మ ఆడ్తరా?"

"ఆడినట్టే. లక్షల చుక్కలు ఒక్కదగ్గర చేరిన గుంపులుంటయి. అవి గెలాక్సీ చుట్టూ తిరుగుతయి. కొన్ని వేరే గెలాక్సీల నుంచి వచ్చి కలిసినయి. వాటి నడకల తేడా కనబడుతది."

"అంటే నేను వేరే గెలాక్సీ అన్నట్టు!" మూతి తిప్పుకుని వెళ్లింది. లోపలికి పోయాక నవ్వుకుంది.

ఆ రోజు నుంచి లక్ష్మణ్‌కు కింద పనులు ఎక్కువయ్యాయి. ఆ సంగతి కోమలకు బాగానే ఉంది. అంతలో బాపు హనుమండ్లు ఫోన్ చేశాడు. దుబాయ్‌లో పనిచేసే అబ్బాయి సంబంధమట, పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి అవునో కాదో చెప్పాలట. ఇంటర్ సగంలో ఆపేసి బట్టల షాపులో పనిచేసే తను, సారును ఏమని అడుగుతుంది?

అడగాల్సింది అడగలేక వేరేది అడిగింది. "గెలాక్సీ బరువు ఎట్ల తూస్తరు సారూ?"

"చుట్టూ తిరిగే గుంపుల వేగం చూస్తం. కనబడే చుక్కల బరువే అయితే, గంత వేగానికి అవి ఎప్పుడో చెదిరిపోవాలె. పోతలేవు. అంటే పట్టి ఉంచే బరువు ఇంకేదో నడుమల ఉన్నది. కనబడదంతే."

సద్దుల రోజు సాయంత్రం వాన. బతుకమ్మల మీద కవర్లు కప్పి ఆడవాళ్లంతా నాగవ్వ అరుగు మీదికి చేరారు. కోమల ఫోన్‌కు బాపు కాల్ వస్తూనే ఉంది. సరిగ్గా అప్పుడే లక్ష్మణ్ గిన్నె పట్టుకుని తడుస్తూ దిగాడు.

"పెరుగు కావాలె అత్తమ్మా."

"పొద్దుగాల తీస్కపోతివి, మాపటీలి తీస్కపోతివి. తింటున్నవా, గోడలకు పూస్తున్నవా?" అంది నాగవ్వ. అరుగంతా గొల్లుమంది.

కోమల నవ్వలేదు. "సారూ, గీ తిరుగుడుకు పెరుగు బరువు చాలుతలేదు. నడుమల ఇంకేమున్నదో చెప్పుండ్రి. బాపుకు జవాబియ్యాలె."

లక్ష్మణ్ గిన్నెలోకి చూశాడు.

"నువ్వున్నవ్. ఒప్పుకోవేమోనని భయపడ్డ."

"నేను ఇంటర్ గూడ పూర్తి చెయ్యలే."

"నా పెరుగు లెక్క పట్టినవ్ గదా. మళ్ల చదువుతనంటే పుస్తకాలు నేను తెస్త."

మళ్లీ మోగిన ఫోన్‌ను నాగవ్వ లాక్కుని ఎత్తింది. "తమ్మీ, దుబాయ్ వాళ్లకు వద్దని చెప్పు. నువ్వు రేపు పొద్దుగాల బస్సెక్కు. పిలగాన్ని చూద్దువు. పెరుగు జర ఎక్కువ తింటడు, గంతే."

వాన వెలిసింది. కవర్లు తీసి మళ్లీ చుట్టు మొదలుపెట్టారు. కోమల అడుగు మళ్లీ తప్పింది.

మేడ మీద లక్ష్మణ్ ఈసారి నవ్వలేదు. ఆమె అడుగుకు సరిగ్గా మూడు చప్పట్లు కొడుతున్నాడు.